పక్క సీటు ఖాళీగా ఉండేదట

ఆయన పోయిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నా మొదటి ఫిర్యాదు అది. రెండోది దానికంటే పెద్దది. ఆయన సభ్యుడిగా ఉన్న ఫ్లయింగ్ క్లబ్బు వాళ్లు తమ వెబ్‌సైటులో ఆయన ఫొటో పెట్టి, కింద సంతాపంగా ఒక పేరా రాశారు. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: చివరి సంవత్సరాల్లో ఆయన చిన్న విమానంలో ఒంటరిగా సరిహద్దు దాటి వెళ్లి, పాత విమానాలతో కాలం గడిపి వచ్చేవారు.

ఒంటరిగా ఏమిటి? పక్క సీట్లో నేను కూర్చున్నాను. ఎగరబోయే ప్రతిసారీ ఆ క్లబ్బువాళ్ల తూకం మీద నిలబడ్డాను. చిన్న విమానంలో మనిషి బరువు కూడా లెక్కే కాబట్టి, సంచులతో పాటు నన్నూ తూచారు. తూకానికి ఉన్నవాణ్ని సంతాపం దగ్గరికొచ్చేసరికి లేకుండా పోయాను. ఆయన ఒంటరిగా వెళ్లేవారైతే, అక్కడి పాత విమానం ముక్కు మీద కుంకుమ బొట్టు ఎవరు పెట్టినట్టు? హైదరాబాదు ముస్లిం పెద్దాయన పెట్టారా?

క్లబ్బుకు రాశాను. మీ సందేశం అందింది అని యంత్రం పంపే జవాబు వచ్చింది. మళ్లీ రాశాను. యంత్రం మళ్లీ అదే అంది. మనిషి మాత్రం ఇంతవరకూ పలకలేదు. మా అమ్మాయి ఇక్కడే, ఈ చిన్న దీవి దేశంలోనే పుట్టి పెరిగింది. నేను రాసినవన్నీ చూసి, "పా, వదిలెయ్ లా. దే వోంట్ రిప్లై," అంది. వదిలేసేవాణ్నే. నా పేరు కోసమే అయితే ఎప్పుడో వదిలేసేవాణ్ని. ఉగాది సభలో నా కవిత తీసేసినప్పుడు కూడా రెండేళ్లకల్లా వదిలేశాను.

కానీ ఇక్కడ ఒక పని ఆగిపోయింది. ఆ పాత విమానం ఇంజనును ఎవరో ఒకరు నెలకోసారైనా చేత్తో తిప్పాలి. తిప్పకపోతే ఈ తేమ ప్రాంతంలో లోపల తుప్పు పట్టి, ఇక ఎప్పటికీ తిరగకుండా బిగుసుకుపోతుంది. దాన్ని తిప్పింది మేమిద్దరం. చివర్లో అయితే, చెప్పాలంటే, నేనొక్కణ్నే. ఆయన పక్కన నిలబడేవారు. ఇప్పుడు ఎవరు తిప్పుతున్నారో నాకు తెలియాలి. ఎవరూ తిప్పకపోతే నన్ను తిప్పనివ్వాలి. ఆయన ఒంటరిగా వచ్చేవారని క్లబ్బువాళ్లు రాసినందువల్ల, నువ్వెవరని నన్ను అడుగుతున్నారు. ఆయన ఎవరో, నేనెవరో చెప్పడానికి ఇదంతా రాయాల్సి వస్తోంది.

ఆయనతో నా పరిచయం కూడా ఒక అన్యాయంతోనే మొదలైంది. బుకిట్ బటోక్‌లో నేను అప్పుడప్పుడూ పరోటా తినే హాకర్ సెంటర్, అంటే తిండి దుకాణాల చావడి, ఒకటి ఉంది. ఇక్కడ కాగితం రుమాళ్ల పొట్లం బల్ల మీద పెడితే ఆ కుర్చీ మనదే. దాన్ని చోప్ చేయడం అంటారు. చిన్నపిల్లలు కూడా గౌరవించే పద్ధతి. నా పొట్లం పెట్టి, వరసలో నిలబడి, పరోటా పళ్లెంతో తిరిగి వచ్చేసరికి నా కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. పైగా నా పొట్లం విప్పి, అందులో రుమాలుతో మూతి తుడుచుకుంటున్నారు.

"మర్యాద లేదు వీళ్లకి," అని తెలుగులో గొణిగాను, ఎవరికీ అర్థం కాదు కదా అని.

"లేదు. నిజమే," అని తెలుగులోనే జవాబు వచ్చింది.

నేను పళ్లెం పట్టుకుని నిలబడిపోయాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, ఎదురు కుర్చీ మీదున్న తన గొడుగు తీసి కింద పెట్టారు. "ఆర్టీసీ బస్సు కిటికీలకెళ్లి రుమాలు ఏసి సీటు ఆపినోళ్లం మనం. నీ రుమాలు నేను చూసిన. కాని నా మోకాళ్లు చూడలేదు. కూసో, మియా."

కూర్చున్నాను. క్షమించి కాదు, పరోటా చల్లారిపోతోందని. ఆ పొట్లం డబ్బులు ఆయన ఇవ్వలేదు, నేను అడగలేదు. ఏం పని చేస్తావని అడిగితే, తువాస్‌లో ఓడలు కట్టే యార్డులో వెల్డింగ్ ఇన్‌స్పెక్టరునని చెప్పాను. అతుకుల్లో లోపాలు వెతికి రాయడం నా పని. ఆయనకు అది తెగ నచ్చింది. "జీతమిచ్చి మరీ తప్పులు పట్టమంటున్రు నిన్ను. నసీబు," అని నవ్వి, ఆ రోజు నుంచే నాకు షికాయత్ సాబ్ అని పేరు పెట్టారు. ఫిర్యాదుల దొరగారు అని. నేను ఆయన్ని భాయ్‌సాబ్ అనేవాణ్ని. ఇద్దరం అసలు పేర్లు వాడిన గుర్తు లేదు.

లేవబోతూ నా చేయి పట్టుకుని తిప్పి చూశారు. సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు చూశారు. "పంకా తిప్పనీకి గట్టి చెయ్యి గావాలె. నా బుజం పోయింది. వస్తవా?" అన్నారు. ఆయన ఇంట్లో ఫ్యాను చెడిపోయిందేమో, పెద్దవాడు ఒంటరిగా ఉంటున్నాడేమో అనుకుని సరేనన్నాను. పాస్‌పోర్టు తెచ్చుకోమన్నారు. అప్పుడు తెలిసింది పంకా అంటే ప్రొపెల్లర్ అనీ, అది ఇంకో దేశంలో ఉందనీ.

ఇక్కడ చిన్న విమానం నడిపేవాడికి ఉన్న పెద్ద చిక్కు ఏమిటంటే, పోవడానికి చోటు లేదు. చక్రాలు నేలనొదిలి ఒక మలుపు తిరిగేలోపు దేశం అయిపోతుంది. కింద జలసంధి, అందులో లంగరు వేసిన ఓడలు, అవతల జోహోర్. "మోటరు కొన్నంక గల్లీ ఇరుకని తెల్సింది," అనేవారు ఆయన. అందుకని ఎగరడానికి ఆయనకు ఒక గమ్యం కావలసి వచ్చింది. ఆ గమ్యం మలేసియాలో లోపలికి ఉన్న ఒక చిన్న ఎయిర్‌ఫీల్డు. అక్కడ ఒక సంపన్నుడు రేకుల షెడ్డు కట్టించి, కొన్ని పాత విమానాలు పోగుచేసి పెట్టుకున్నాడు. ఆ యజమానిని మేమెప్పుడూ చూడలేదు. కావలివాడు ఒక్కడే ఉండేవాడు. తరాలుగా అక్కడే స్థిరపడిన తమిళుడు. నేను అణ్ణా అని పిలిచేవాణ్ని.

బయలుదేరే ముందు భాయ్‌సాబ్ చేసే పనులు ఎప్పుడూ ఒకే వరసలో ఉండేవి. పెట్రోలు ఎంతుందో చూపించే ముల్లును ఆయన నమ్మరు. రెక్క మీదికి ఎక్కి, టాంకులో గీతలున్న కర్ర ముంచి తీసి, తడి ఎక్కడిదాకా వచ్చిందో నాకు చూపించేవారు. చారులో ఉప్పు చూడమని గరిటె చాపినట్టు ఉండేది. నేను చూసి సరే అంటే తప్ప మూత పెట్టేవారు కాదు. మబ్బులతో ఉర్దూలో మాట్లాడేవారు. ఇంజనుతో మాత్రం తెలుగులోనే. బేగంపేటలో తనకు ఇంజను నేర్పిన మెకానిక్కు తెలుగువాడట. "దీనికి తెలుగే సమజైతది. ఉర్దూల తిడితె ఫీలైతది," అనేవారు. దిగే ముందు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచేవారు. నేల దగ్గరవుతున్నప్పుడు పైలట్ కళ్లజోడు తీస్తే పక్కనున్నవాడి ప్రాణం ఎలా ఉంటుందో ఎవరూ అడగరు. నేను అడిగాను. "ముందర తుడిస్తె అప్పటికి మల్ల ఆవిరి పడ్తది," అన్నారు. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ ఇలా ఏదో ఒక జవాబు ఉండేది ఆయన దగ్గర.

రేడియో గురించి కూడా చెప్పాలి. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటే అన్నీ వినిపించేవి. ఆయన తన విమానం గుర్తు చెప్పి, ఎక్కడున్నారో, ఎటు పోతున్నారో చెప్పేవారు. కంట్రోల్ నుంచి వెంటనే జవాబు వచ్చేది. వాళ్లు చెప్పిన మాటను ఆయన మళ్లీ అప్పజెప్పాలి. అప్పజెప్పకపోతే వాళ్లు ఊరుకోరు, మళ్లీ అడుగుతారు. నేను మా బ్లాకులో పై ఫ్లాట్ ఏసీ నీళ్లు నా కిటికీ మీద పడుతున్నాయని ఎన్నిసార్లు రాశానో నాకే తెలుసు. అలాంటివాడికి ఆ హెడ్‌ఫోన్లలో స్వర్గం కనిపించింది. నా మొహం చూసి ఆయన కనిపెట్టేశారు. "నీకు ఈడనే మంచిగుంటది. ఈడ మాట్లాడితె జవాబియ్యాలె, లేకుంటె కేసైతది," అన్నారు. కింద పామాయిల్ తోటలు గళ్ల చీర పరిచినట్టు సాగిపోతుంటే, చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోకుండా కూర్చునేవాళ్లం. ఆ మౌనంలో కూడా నన్ను ఎవరూ పట్టించుకోవడం లేదని ఎప్పుడూ అనిపించలేదు.

షెడ్డులో చివరన ఉండేది మా విమానం. మాది అంటున్నాను, తప్పేమీ లేదు. ఒకదాని మీద ఒకటి రెండు జతల రెక్కలు, వాటి మధ్య తీగలు, ఒంటికి గుడ్డ. ఆయన మొదటిసారి ఒంటరిగా ఎగిరింది ఇలాంటి దాని మీదేనట. ఇదే కాదు, దీని చెల్లెలు అనేవారు. లోపలికి రాగానే కుడిచెయ్యి నుదుటిదాకా ఎత్తి దానికి సలాం చేసేవారు. పక్కన మెరిసిపోతున్న మిగతా విమానాల వైపు చూసేవారు కూడా కాదు. కావలి అణ్ణన్ ఒకసారి అటుపక్క వెండిరంగు విమానం చూడమని చాలా చెప్పాడు. "అది పైసలున్నోళ్లది. దాన్ని చూసేటోళ్లు మస్తుమంది ఉంటరు," అని కదల్లేదు.

తిప్పే పద్ధతి ఇది. ఆయన కాక్‌పిట్‌లోకి తొంగి చూసి, స్విచ్చులు ఆఫ్ అని చెప్పాలి. నేను బయట నుంచి స్విచ్చులు ఆఫ్ అని తిరిగి అనాలి. అప్పటికీ ఆ చెక్క పంకా ఏ క్షణమైనా తిరగొచ్చు అన్నట్టే నిలబడాలి. దాని దారిలో తల పెట్టకూడదు. మొదట మెల్లగా రెండు చుట్లు. లోపల నాలుగు సిలిండర్లు ఒక్కొక్కటిగా చేతికి ఎదురు తన్నేవి. ఆయన చెవి ఇంజను రేకుకు ఆనించి, "ఊపిరున్నది," అనేవారు ఒక్కోదానికి. ఆ తర్వాత ప్లగ్గులు విప్పి, లోపలికి తుప్పు పట్టనివ్వని నూనె పోసి, మళ్లీ తిప్పాలి. నూనె మోచేతులదాకా కారేది. ఇంటికొచ్చి రెండుసార్లు స్నానం చేసినా ఆ వాసన పోయేది కాదు. యూ టీ పేటలోని మా ఫ్లాట్‌లో, ఎవరూ లేని మధ్యాహ్నం, ఆ వాసనతో నిద్రపోయేవాణ్ని. మా ఆవిడ పోయాక ఇంట్లో అంత మంచి నిద్ర పట్టిన మధ్యాహ్నాలు అవే.

బొట్టు సంగతి. ఒక దసరాకి కుంకుమ పొట్లం, నిమ్మకాయ జేబులో వేసుకుని వెళ్లాను. మా ఇంట్లో దసరాకి కుట్టుమిషనుకు కూడా బొట్టు పెట్టేవాళ్లు. విమానానికి పెట్టకపోతే ఎలా? అవతలి కస్టమ్స్ అధికారి నిమ్మకాయ చేతిలో పట్టుకుని ఎందుకని అడిగాడు. చక్రం కింద పెట్టి తొక్కించడానికని నిజం చెప్పాను. అతను నిమ్మకాయను, నన్ను, విమానాన్ని మార్చి మార్చి చూశాడు. భాయ్‌సాబ్ మలయ్‌లో ఏదో అన్నారు, అతను నవ్వి వదిలేశాడు. ఏం చెప్పారంటే, నా గొంతు బాగాలేదని చెప్పారట. షెడ్డులో నిమ్మకాయ చక్రం కింద పెట్టనివ్వలేదు. టైరుకు మరకవుతుందని, సీసాలో నీళ్లలో పిండించుకుని తాగేశారు. నాకు కోపం వచ్చింది. కుంకుమ పెడుతుంటే మాత్రం చూస్తూ నిలబడి, "జర చిన్నగ పెట్టు. ముసల్ది అది, పెండ్లిపిల్ల గాదు," అన్నారు.

తర్వాత వెళ్లినప్పుడు ఆయన ఎప్పటిలా గుడ్డతో విమానం ముక్కు అంతా తుడిచారు. బొట్టు దగ్గరికి వచ్చేసరికి చేతివేగం తగ్గించి, దాని చుట్టూ తుడిచి, ముందుకు పోయారు. నేను చూశానని ఆయన చూడలేదు. ప్రతిసారీ అలాగే చేశారు.

మంచి మాటలే రాస్తున్నాను కాబట్టి ఇది కూడా రాయాలి. ఒకసారి నాకు చెప్పకుండా నా సీట్లో ఒక దంతవైద్యుణ్ని తీసుకెళ్లారు. భాయ్‌సాబ్ కూతురు ఇక్కడే పెద్ద ఉద్యోగంలో ఉంది. తండ్రి ఈ వయసులో ఎగరడం ఆవిడకు ఇష్టం లేదు; వెళ్లక తప్పకపోతే పక్కన కనీసం డాక్టరు ఉండాలని తన స్నేహితుణ్ని పంపింది. పళ్ల డాక్టరు గుండెకు ఏం చేస్తాడు? నాకు ఈ సంగతి క్లబ్బుకు ఫోన్ చేస్తే తెలిసింది. ఆ తర్వాత ఆయన ఫోన్ చేస్తే నేను తీయలేదు.

చాలా రోజులకు ఒక సాయంత్రం కిటికీలోంచి చూస్తే, మా బ్లాకు కింద రాతి బల్ల మీద ఆయన కూర్చుని ఉన్నారు. మాది ఏ అంతస్తో ఆయనకు తెలియదు, ఏ తలుపో తెలియదు. బ్లాకు పిల్లులు ఆయన కాళ్ల చుట్టూ తిరుగుతున్నాయి. కాసేపు చూసి, చెత్త పారేసే వంకతో కిందికి దిగాను.

"ఆయన చేతులు చూసినవా?" అన్నారు, నిన్న ఆపిన మాట ఇవాళ అందుకున్నట్టు. "పండ్లు పీకే చేతులు. నూనె అంటుతదని పంకా ముట్టనే లేదు."

"తీసుకెళ్లే ముందు నాకో మాట చెప్పాలి కదండీ?"

"చెప్పాలె."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తె ఒక్క దినం అలుగుతవ్ అనుకున్న, చెప్పకుంటె తెల్వదనుకున్న. రెండూ తప్పే. తప్పు నాది."

నేను ఎన్నో చోట్ల ఎన్నో ఫిర్యాదులు చేశాను. తప్పు నాది అని వచ్చిన జవాబు అదొక్కటే. చెత్త సంచి చేతిలోనే పట్టుకుని, టీ తాగుదాం పైకి రండి అన్నాను. రాలేదు. మోకాళ్లకు లిఫ్టు ఉందని చెప్పినా రాలేదు. ఆదివారం పొద్దున్నే పాస్‌పోర్టు తెచ్చుకోమని చెప్పి వెళ్లిపోయారు.

ఆఖరిసారి వెళ్లినప్పుడు ఆయన ప్లగ్గులు విప్పలేకపోయారు. అన్నీ నేనే చేశాను. తర్వాత రెక్క నీడలో కూర్చుని ఫ్లాస్కులో టీ, హైదరాబాదు నుంచి ఎవరొచ్చినా తెప్పించుకునే ఉస్మానియా బిస్కట్లు. అంతకుముందు నేను చేతులు కడుక్కుంటుంటే కావలి అణ్ణన్ మాటల్లో మాటగా ఒక సంగతి చెప్పాడు. ఆ విమానం రెక్కల లోపలి కట్టె ఎప్పుడో పాడైందట. అది ఇక ఎగరదని యజమాని ఏళ్ల క్రితమే తేల్చేశాడట. నాకు ఒళ్లు మండింది. లోపాలు పట్టడం నా వృత్తి. నన్ను ఇన్నాళ్లు ఎగరని దాని చుట్టూ తిప్పారా?

"ఇది ఎప్పటికీ ఎగరదట. మీకు తెలుసా?" అని అడిగాను.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నిన్ను తోల్కరాకముందు నుంచి."

"మరి నాతో ఎందుకు తిప్పించారు ఇన్నాళ్లూ?"

బిస్కట్టు టీలో ముంచి, విరిగి పడకుండా జాగ్రత్తగా తిని, అప్పుడు చెప్పారు. "ఎగరకపోవుడు వేరే, పట్టేసుడు వేరే, షికాయత్ సాబ్. ఎగరకుంటె ఏంగాదు, కూసుంటది. పట్టేసిందనుకో, ఇగ అది ఇనుము."

నా టీ తాగేసి లేచాను. మబ్బులు పైకి లేస్తున్నాయి. మధ్యాహ్నం ఉరుములొచ్చే లోపు తిరిగి వెళ్లాలి. కళ్లజోడు ఆ రోజు దిగే ముందు రెండుసార్లు తుడిచారు.

ఆ నెలలోనే డాక్టరు ఆయనకు ఎగరడానికి అనుమతి పత్రం ఇవ్వలేదు. నేను వెంటనే చెప్పాను, బస్సులో పోదామని. వంతెన దాటి, బస్సు మారి, ఆఖర్న టాక్సీ పట్టుకుంటే సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఇంజనుకు మనం గాల్లో వచ్చామా నేల మీద వచ్చామా అనవసరం కదా. ఆయన వినలేదు. "బస్సుల పోయి విమానాన్ని చూసుడా? ఏం మొహం పెట్టుకొని సలాం చేస్త దానికి? ఉండు, డాక్టరు మల్ల చూస్తనన్నడు. ఇద్దరం పోదాం." పోనీ నేనొక్కణ్నే వెళ్లి తిప్పి వస్తానన్నాను. "ఇద్దరం అన్న గదా," అన్నారు. ఆ గొంతులో అంతకుముందు వినని గట్టిదనం ఉంది. సరే, ఉంటానన్నాను.

ఉన్నాను. ఒక దశలో ఆయన ఫోన్ తీయడం మానేశారు. అలిగారనుకున్నాను, ఆయనకూ అలిగే హక్కు ఉంది, నేను అలిగినప్పుడు ఆయన ఊరుకున్నారు కదా. ఆయన ఆసుపత్రిలో ఉన్నారని, ఫోన్ కూతురి సంచిలో మోగుతోందని నాకెలా తెలుస్తుంది? ఆవిడ ఒక్కసారి ఆ ఫోన్ తీసి ఉంటే, రెండు స్టేషన్ల దూరంలో ఉన్నవాణ్ని, వచ్చి కూర్చునేవాణ్ని. క్లబ్బు పేజీలో ఆయన ఫొటో చూసేనాటికి అన్నీ అయిపోయాయి. ఆవిడతో ఒక్కసారి మాట్లాడగలిగాను. మీ అభిమానానికి థాంక్యూ అంకుల్, అని చాలా మర్యాదగా చెప్పి పెట్టేసింది. పంకా సంగతి అడిగే లోపు.

అప్పుడు బస్సెక్కాను. ఆయన వద్దన్న దారిలోనే, ఒక్కణ్నే. గాల్లో గళ్ల చీరలా కనిపించిన తోటలు నేల మీద ఒకే చెట్టు, మళ్లీ అదే చెట్టు, మళ్లీ అదే చెట్టు. టాక్సీవాడు ఎక్కడికని రెండుసార్లు అడిగాడు. నూనె డబ్బా, పాత తువ్వాలు సంచిలో ఉన్నాయి. షెడ్డు జాలీ తలుపుకు కొత్త తాళం వేసి ఉంది. కావలి అణ్ణన్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు, కుర్చీ ఇచ్చాడు, మంచినీళ్లిచ్చాడు. తాళం మాత్రం తీయలేదు. యజమాని క్లబ్బువాళ్లు రాసింది చదివారట. లోపలికి అనుమతి ఆ కెప్టెన్ ఒక్కరికే ఉండేది, ఆయన ఒక్కరే వచ్చేవారు, ఇప్పుడు ఆయన లేరు, కాబట్టి ఇక ఎవరినీ రానివ్వొద్దన్నారట.

"మరి నేను?" అన్నాను.

"నాకు తెలుసు సార్," అన్నాడు అణ్ణన్ తమిళం, ఇంగ్లీషు కలిపి. "బాస్‌కు తెలియదు. నేను చెబితే నమ్మడు సార్. పేపర్లో లేదు కదా అంటాడు."

జాలీలో వేళ్లు దూర్చి లోపలికి చూశాను. ఒక విషయం చెప్పాలి. తిప్పడం అయిపోయాక పంకాను ఎప్పుడూ ఒకే చోట ఆపేవాళ్లం కాదు. లోపలి స్ప్రింగులు ఒకే భంగిమలో నలగకూడదని ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా, ఒకసారి ఏటవాలుగా వదిలేవాళ్లం. ఆఖరిసారి ఏటవాలుగా వదిలింది నేనే. పై కొస తలుపు వైపు వాలి ఉండాలి. అలాగే ఉంది. వెలుగు తక్కువగా ఉందని, కళ్లు చిట్లించి మళ్లీ చూశాను. ఆ కొస అంగుళం కూడా కదల్లేదు. ఎవరూ తిప్పడం లేదా అని అడిగాను. దుమ్ము తుడుస్తున్నానని, తిప్పమని తనకు ఎవరూ చెప్పలేదని అన్నాడు. అతని తప్పు లేదు. చివరి బస్సు అందుకోవాలని నేను కదిలేదాకా నా పక్కనే నిలబడ్డాడు.

నూనె డబ్బా అతనికి ఇచ్చి వద్దామనుకున్నాను. ఇవ్వలేదు. అది ఇప్పుడు మా వంటింట్లో ఉంది. మా అమ్మాయి ఎప్పుడొచ్చినా అదేమిటని అడుగుతుంది, నేను చెబుతాను, తను వింటూ ఫోన్ చూసుకుంటుంది.

షెడ్డు యజమాని గారికి మూడు ఉత్తరాలు రాశాను. క్లబ్బుకు, భాయ్‌సాబ్ కూతురికి ఎన్ని రాశానో వాళ్లకే తెలియాలి. ఒంటరిగా అన్న మాట దిద్దేదాకా క్లబ్బుకు రాస్తూనే ఉంటాను, నాకు ఓపిక ఉంది. ఆ ఇంజనుకు లేదు. ఇక్కడ ప్రతి రోజూ వాన, ప్రతి రోజూ తేమ. నేను ఇనుము చూసి బతికినవాణ్ని. లోపల ఏం జరుగుతోందో తలుపు బయట నుంచి కూడా నాకు తెలుసు. నాకు డబ్బు అక్కర్లేదు, గోడ మీద నా పేరు అక్కర్లేదు. ఎవరినీ ఇబ్బంది పెట్టను. బస్సులో వస్తాను, తిప్పుతాను, చేతులు కడుక్కుని పోతాను. యజమాని గారూ, లేదా భాయ్‌సాబ్ కూతురు గారూ, లేదా క్లబ్బులో ఆ వాక్యం రాసినవారూ, మీలో ఎవరైనా సరే: ఆ తాళం నాకు తీస్తారా, తీయరా? తీసేది లేదంటే ఆ మాటే రాయండి. కానీ యంత్రం కాదు, మనిషి రాయాలి. ఈసారి నాకు జవాబు కావాలి.